బుగ్గన చుక్క: నవ్వుని సగంలోనే ఆపేసుకున్న ఒకామె కేసు

ఈ కేసు రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. రాశాక ఒకసారి చదివి వినిపించాను కూడా. ఎవరో తెలియకుండా ఉండడానికి కుటుంబ వివరాలు, సంఘటనల వరుస కొంత మార్చాను. మాటలు మాత్రం ఆవిడవే. పద్ధతులన్నీ పుస్తకంలో ఉన్నట్టే చేసినా మనిషి మెరుగు పడకపోతే ఎక్కడ వెతకాలో ఈ కేసు నాకు నేర్పింది. కొత్తగా కౌన్సెలింగ్ పనిలోకి వస్తున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

నేపథ్యం

యాభై దాటిన గృహిణి. అనంతపురం టౌన్లో సొంతిల్లు. పుట్టింది ఇదే జిల్లాలో, వాన మీదే ఆధారపడే చెనక్కాయ చేల ఊళ్లో. ఐదో తరగతి దాకా చదువు. భర్త చిన్న ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కూతురు పెళ్లయి బెంగళూరులో ఉంటుంది, కొడుకు ఇక్కడే ఉద్యోగం. అప్పుల్లేవు, ఇంట్లో గొడవల్లేవు.

ఆవిడని నా దగ్గరికి పంపింది ఒక ఫిజీషియన్. తలనొప్పి, నీరసం, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం ఏళ్ల తరబడి ఉన్నాయి. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్, బి12 అన్నీ చూశారు. ఫైలు నిండా నార్మల్ రిపోర్టులే.

చెప్పుకున్న బాధ

కుర్చీ అంచున కూర్చుని మొదట అన్న మాట ఇది: "అన్నీ బాగానే ఉండాయి మేడం. నాకే ఏదీ పట్టదు. పండగొచ్చినా అంతే, మనవరాలొచ్చినా అంతే."

పీహెచ్‌క్యూ-9 అడిగాను. డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే ప్రశ్నావళి అది: గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. పది నుంచి పద్నాలుగు వస్తే డిప్రెషన్ మధ్యస్థంగా ఉందని లెక్క. ఆవిడకి 14 వచ్చింది. చచ్చిపోవాలనే ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి సున్నా. ఆ ఒక్కటీ మళ్లీ విడిగా, వేరే మాటల్లో అడిగాను. లేవన్నారు. అయినా రాత్రిపూట మనసు మరీ బాగోకపోతే చెయ్యమని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కాగితం మీద రాసిచ్చాను. డిప్రెషన్ ఉన్నవాళ్లు ఎవరొచ్చినా ఇది చేస్తాను.

"చివరిసారి మనసారా సంతోషపడింది ఎప్పుడమ్మా?" అని అడిగాను. "ఇల్లు చేరినప్పుడు" అన్నారు. అంటే గృహప్రవేశం, ఆరేళ్ల కిందట. ఆ వెంటనే మాట మార్చి గ్యాస్ ధర గురించి మాట్లాడారు. నోట్సులో "గృహప్రవేశం" అని రాసుకుని ముందుకెళ్లిపోయాను. అక్కడ ఆగి ఉంటే ఆరు వారాలు కలిసొచ్చేవి.

మొదట చేసింది

ఏదీ పట్టడం లేదంటే మనకి మొదట తోచేది అన్హెడోనియా, అంటే ఆనందం పుట్టకపోవడం. దానికి బాగా ఆధారమున్న పద్ధతి బిహేవియరల్ యాక్టివేషన్. మనసుకి హాయినిచ్చే పనులు తగ్గేకొద్దీ మనిషి కుంగుతాడని, కుంగేకొద్దీ ఆ పనులు ఇంకా తగ్గుతాయని 1970లలో మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ లూయిన్సన్ చెప్పిన మాట మీద నిలబడింది ఇది. మూడ్ వచ్చేదాకా ఆగకుండా ముందు పని మొదలుపెట్టిస్తాం.

వారం రోజుల దినచర్య చెప్పించుకుని రాశాను. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా ఖాళీ గడి ఒక్కటీ లేదు. అందులోనే మూడు పనులు ఇరికించాం. ఒకప్పుడు ఇష్టంగా చేసినవే: శుక్రవారం చుక్కల ముగ్గు, సాయంత్రం మల్లెపూలు కట్టుకోవడం, పక్కింటామెతో కలిసి రైతుబజారుకి నడిచి వెళ్లడం. చేశాక పదికి ఎంత సంతోషం అనిపించిందో చెప్పాలి.

మూడు వారాలూ ఒక్కరోజు తప్పకుండా చేశారు. మార్కులు మాత్రం రెండు, రెండు, మూడు, రెండు. ఇంకా కొన్ని పనులు కలుపుదామా అని ఆలోచించాను. కానీ ఈ పద్ధతి బాగా పనిచేసేది మంచం దిగలేనివాళ్లకి, ఇల్లు కదలనివాళ్లకి. ఈవిడకి పనులకేమీ కొదవ లేదు. బావిలో నీళ్లున్నాయి, చేద వేస్తూనే ఉన్నారు, పైకొచ్చేసరికి మాత్రం చేద ఖాళీగా ఉంటోంది. చిల్లు ఎక్కడుందో చూడకుండా ఇంకో నాలుగుసార్లు వేయించడంలో అర్థం లేదనిపించి ఆపేశాను.

రెండో ప్రయత్నం, నా పొరపాటు

తర్వాత రోజూ రాత్రి ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు, అవి ఎందుకు జరిగాయో నోట్‌బుక్‌లో రాయమన్నాను. 2005లో మార్టిన్ సెలిగ్మన్ బృందం పరీక్షించిన అభ్యాసం అది. ఒక్క వారం రాసినవాళ్లలో కూడా కొందరికి ఆరు నెలల దాకా మేలు కనిపించింది. చేయించడం తేలిక, ఖర్చు లేదు. మనలో చాలామందికి అలవాటుగా నోటికి వచ్చే సలహా ఇదే.

ఆవిడ నోట్‌బుక్ ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఎర్ర గీతల బడి పుస్తకం. ప్రతి పేజీలో అవే మూడు వాక్యాలు: "ఇల్లు ఉంది. ఆయన మంచోడు. కొడుకు బతికినాడు." పదకొండు రోజులు అంతే. పన్నెండో రోజు కింద ఇంకో వాక్యం ఉంది: "ఇన్ని ఇచ్చినా నవ్వలేని దాన్ని, ఎంత పాపిష్టిదాన్నో."

ఆ వారం పీహెచ్‌క్యూ 16 కి పెరిగింది.

మేలు జరగాలని ఇచ్చిన పని ఆవిడ మీద ఇంకో నేరం మోపింది. దేవుడిచ్చినవి లెక్కపెట్టుకోమంటే, బాకీ లెక్క చూసుకున్నారు. పైగా ఐదో తరగతితో బడి మానేసిన మనిషికి రోజూ రాసే పుస్తకం పరీక్షలాంటిది. భర్త తీసి చదువుతున్నారని, అందుకే "ఆయన మంచోడు" తప్పనిసరిగా రాశానని తర్వాత చెప్పారు. ఇలాంటి లెక్క మరీ తరచుగా రాస్తే మొక్కుబడి అయిపోవచ్చని, వారానికి మూడుసార్లు రాసినవాళ్లకి కాక వారానికోసారి రాసినవాళ్లకే గుణం కనిపించిందని సోన్యా ల్యుబోమిర్‌స్కీ పరిశోధన కూడా ఉంది. అది తెలిసి కూడా రోజూ రాయమన్నాను.

నోట్‌బుక్ ఆపేయించాను. "ఇది మీకు పడలేదమ్మా. తప్పు నేనిచ్చిన మందుది, మీది కాదు" అని స్పష్టంగా చెప్పాను. ఈ మాట చెప్పకపోతే పని చేయలేకపోయాననే అపరాధం కూడా ఆవిడ ఖాతాలోనే పడేది. స్కోరు పెరిగింది కాబట్టి సైకియాట్రిస్టుకి చూపించాను. నెల రోజులు చూద్దాం, తగ్గకపోతే మందులు మొదలుపెడదాం అన్నారు.

కొంగు

ఏడో సెషన్లో ఏ పనీ ఇవ్వకూడదని ముందే అనుకున్నాను. ఊరికే మాట్లాడించాను. ముందురోజు సాయంత్రం ఉగ్గాని చేశారట. పక్కింటి నాలుగేళ్ల పిల్ల వచ్చి గిన్నె ముందు కూర్చుని, "అవ్వా, నువ్వు మా అమ్మకి నేర్పియ్యి, ఆమె బొరుగులు బురద చేస్తాది" అందట.

చెప్తూ చెప్తూ నవ్వారు. నిజమైన నవ్వు, కళ్ల కింద ముడతలు పడే నవ్వు. రెండు సెకన్లు కూడా లేదు. కుడిచెయ్యి పైకి లేచింది, కొంగు నోటికి అడ్డమొచ్చింది, "ఏమోలే మేడం" అన్నారు. ముఖం మళ్లీ మామూలైపోయింది.

ఆ కొంగు కదలిక అంతకుముందు కూడా చూశాను. మర్యాద అనుకున్నాను. పెద్దవాళ్లలో చాలామంది నవ్వేటప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటారు కదా. కానీ ఆరోజు గమనిస్తూ కూర్చుంటే ముప్పావు గంటలో మూడుసార్లు అలాగే జరిగింది. ముందు నవ్వు, తర్వాత కొంగు, ఆ వెంటనే "ఏమోలే". ఆనందం పుట్టని మనిషి కాదు ఈవిడ. పుట్టగానే గొంతు నులిమేస్తున్న మనిషి.

"అమ్మా, ఇప్పుడు నవ్వినారు కదా. కొంగు ఎందుకు అడ్డం పెట్టుకున్నారు?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గృహప్రవేశం రోజు గురించి చెప్పారు. పాలు పొంగించి, బంధువులందరికీ వడ్డించి, సాయంత్రం ఆడవాళ్లంతా హాల్లో కూర్చుని నవ్వుకుంటున్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది తానే. అప్పుడే ఫోనొచ్చింది. బంధువులని బస్టాండులో దింపి వస్తున్న కొడుకు బండి మీద నుంచి పడ్డాడు. కాలు విరిగింది, రాడ్ వేశారు. ఆస్పత్రి వరండాలో అత్తగారు అన్న మాట: "అంతగా నవ్వొద్దంటే వింటివా."

కొడుకు ఆరు నెలల్లో నడిచాడు. అత్తగారు పోయి మూడేళ్లయింది. మాట మాత్రం ఉండిపోయింది.

ఏ దారి పట్టుకోవాలి

ఇక్కడ మూడు దారులు కనిపించాయి.

ఒకటి, ప్రమాదాన్ని గాయంగా తీసుకుని దాని మీద పనిచేయడం. ఆ సంఘటన కలల్లోకి వస్తుందా, ఆ రోడ్డు తప్పించుకుని తిరుగుతారా, ఫోన్ మోగితే ఉలిక్కిపడతారా అని అడిగాను. ఏవీ లేవు. ఆ కొడుకు బండి వెనక కూర్చునే మార్కెట్‌కి వెళ్తున్నారు. కాబట్టి అది కాదు.

రెండోది, నమ్మకంతో వాదించడం. నవ్వుకీ ప్రమాదానికీ సంబంధం ఏమిటి, ఆధారం చూపించండి అనడం. మన శిక్షణలో ఎక్కువగా నేర్పేది ఇదే. నేను అటు వెళ్లలేదు. ఎందుకంటే ఇది ఆవిడ ఒక్కరి ఆలోచన కాదు. ఎంత నవ్వితే అంత ఏడుపని ఇక్కడ ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. షాపు గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడతాయి, ఇంటి ముందు బూడిద గుమ్మడికాయ వేలాడుతుంది. మా ఇంటికీ ఉంది. అతిగా సంతోషపడితే కీడు వస్తుందనే భయం చాలా సంస్కృతుల్లో ఉందని 2013 నుంచి మొహ్సెన్ జోషన్లూ వరసగా పరిశోధనలు చేశారు, దాన్ని కొలవడానికి ప్రశ్నావళి కూడా తయారుచేశారు. పైగా ఏడాదికి 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా వాన పడే జిల్లా ఇది. మబ్బులో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకోవద్దని చెప్పి పెంచిన నేల. ముందే సంబరపడకపోవడం ఇక్కడి రైతు ఇంట్లో మూఢత్వం కాదు, దెబ్బలు తిని నేర్చుకున్న జాగ్రత్త. దాన్ని నేను ఏసీ గదిలో కూర్చుని తీసిపారేస్తే, ఆవిడ తల్లిని, అత్తని, ఊరిని తీసిపారేసినట్టే. వాదనలో నేను గెలిచినా మనిషిని పోగొట్టుకుంటాను.

మూడో దారి ఆ నమ్మకం లోపల నుంచే వెతకడం. దిష్టి గురించి ఆవిడనే అడిగాను. మీ ఇంట్లో దిష్టికి ఏం చేస్తారు?

"ఉప్పు, మిరపకాయలు దిగదీసి పొయ్యిలో ఏస్తాం."

"చంటిబిడ్డకైతే?"

"బుగ్గన చుక్క పెడతాం."

"చుక్క పెట్టినాక?"

"పెట్టినాక ఏముంది మేడం, ఎత్తుకుని ముద్దు చేస్తాం."

"బిడ్డ ముద్దొస్తాంది, దిష్టి తగులుతాదని ఎత్తుకోవడం మానేస్తారా?"

ఆవిడ నా వైపు అలాగే చూశారు. నేనూ ఇంకేమీ అనలేదు. కాసేపటికి, "మానం. అట్ల మానేస్తే బిడ్డ ఏమైపోవాల" అన్నారు.

చుక్కల క్యాలెండర్

ఆవిడ అన్న మాటలోంచే పని తయారైంది. రోజులో ఎప్పుడైనా లోపల కాస్త చల్లగా అనిపిస్తే అక్కడే పది ఊపిర్లు ఆగాలి. లేవకూడదు, గిన్నె కడగకూడదు, "ఏమోలే" అనకూడదు. పది అయ్యాక వంటింటి గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ గడిలో ఒక చుక్క. పెన్నుతో అన్నాను నేను. "చుక్కంటే కాటుకే మేడం" అన్నారు ఆవిడ.

పది ఊపిర్లే ఎందుకంటే, మామూలుగా కూర్చున్న మనిషికి అది ముప్పై నలభై సెకన్లు. రెండు సెకన్లకే తుంచేసే అలవాటున్న మనిషిని ఐదు నిమిషాలు ఆస్వాదించమంటే భయం ముందు నిలవలేరు. అరనిమిషం ఓర్చుకోవచ్చు. మంచి అనుభవాన్ని పట్టి నిలుపుకోవడాన్ని మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రయంట్ "సేవరింగ్" అంటారు. అది కలిగిన అనుభవం కంటే వేరైన నైపుణ్యమని, విడిగా నేర్చుకోవచ్చని ఆయన చెప్పింది నాకు ఇక్కడ ఆసరా అయింది. చుక్క కాబట్టి రాత లేదు, భర్త చదవడానికీ ఏమీ లేదు.

ఒక అనుమానం నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. చుక్క పెడితేనే కీడు రాదని మనసు పట్టుకుంటే, భయం పోదు సరికదా దానికి ఒక కొత్త తాయెత్తు కట్టినట్టవుతుంది. ఆందోళన చికిత్సలో రక్షణ చర్యలని పిలిచేవి ఇవే. అయినా చుక్క ఉంచాను, మెల్లగా వదిలించే ఏర్పాటుతో. మొదటి మూడు వారాలు వెంటనే పెట్టాలి. తర్వాత రాత్రి ఒకేసారి. ఆ తర్వాత మర్నాడు. దానితోపాటు, ఇంట్లో ఏదైనా చెడు జరిగిన రోజు గడిలో అడ్డగీత కూడా గీయాలి.

మొదటి వారం నాలుగు చుక్కలు. ఏమిటవి అని అడిగితే ఒకటి కొళాయి నీళ్ల గురించి చెప్పారు. మూడు రోజుల తర్వాత నీళ్లొచ్చాయట. మొదట గాలి బుస్సుమంటుంది, తర్వాత ఎర్రగా రెండు చెంబులు, ఆ తర్వాత తెల్లటి ధార. స్టీలు బిందె నిండేకొద్దీ చప్పుడు సన్నబడుతూ పోతుంది. "చిన్నప్పుడు మైలు దూరం పోయి తెచ్చుకుంటిమి మేడం. ఇప్పుడు ఇంట్లోనే పడతాంటే చూసుకుంటా నిలబడినా. పది ఊపిర్లయినా, బిందె నిండే దాకా అట్లనే ఉండినా." ఆరేళ్లుగా ఆ బిందె అలాగే నిండుతోంది. ఆవిడ పక్కనే నిలబడి విన్నది ఆ రోజే.

తర్వాతి వారాల్లో ఉడకబెట్టిన పచ్చి చెనక్కాయల వాసన, మొదటి వానకి మిద్దె మీద లేచిన ఆవిరి, ఇంకొకరి పెళ్లి బాజా. ఒకరోజు గడిలో చుక్కలు ఒకదానికొకటి అంటుకుపోయి మరకైపోయింది.

కూతురి ఫోను

ఇవి కూతురికి చెప్పమన్నాను. మనకి జరిగిన మంచిని ఇంకొకరికి చెప్తే అది పెరుగుతుందని, అయితే అవతలివాళ్లు ఎలా వింటారన్న దాని మీదే అంతా ఉంటుందని షెల్లీ గేబుల్ చేసిన పరిశోధనలు చెప్తాయి. ఇక్కడ సరిగ్గా ఆ రెండో సగంలోనే తేడా వచ్చింది. బిందె సంగతి చెప్తే కూతురు, "అవునా మా, సరే, మాత్రేసుకున్నావా?" అందట. ప్రేమతోనే అడిగింది. కానీ చెప్పడం అక్కడితో ఆగిపోయింది.

ఆవిడ అనుమతితో కూతురితో పది నిమిషాలు ఫోన్లో మాట్లాడాను. అమ్మ ఏదైనా చెప్తే సలహా వద్దు, "తర్వాత?" అని ఒక్కమాట అడగమన్నాను. ఆ అమ్మాయి ఏడ్చింది. అమ్మ నవ్వు విని ఎన్నాళ్లయిందో తనకే గుర్తులేదంది. ఆ వారం నుంచి ఫోన్లు పొడుగయ్యాయి.

జారిపోయిన వారం

ఐదో వారంలో ఒకరోజు మూడు చుక్కలు పడ్డాయి. ఆ సాయంత్రమే భర్త స్కూటర్ మీద నుంచి పడ్డారు. మోకాలు చెక్కుకుపోయింది, అంతే. కానీ ఆవిడ కాటుక డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశారు. నాకు ఫోన్ చేసి ఇంక రానన్నారు.

రమ్మని బలవంతపెట్టలేదు. ఇద్దరూ కలిసి ఒక్కసారి రాగలరా, క్యాలెండర్ తెచ్చుకుని, అని మాత్రం అడిగాను. వచ్చారు. నేను నోరు తెరవకముందే ఆయన కట్టు కట్టిన కాలు చాపి, "నేను పడింది గుంతలో మే, నీ నవ్వులో కాదు" అన్నారు. నేను వారాల తరబడి వాదించినా ఆ మాట అంత సూటిగా చెప్పలేను. అత్తగారి మాటకి ఆ ఇంటి మనిషే జవాబు చెప్పాలి.

తర్వాత లెక్క ఆవిడే చూసుకున్నారు, వేలు పెట్టి. మొత్తం 41 రోజులు. చుక్కలున్నవి 29, లేనివి 12. అడ్డగీతలు ఐదు, అందులో రెండు చుక్క లేని రోజుల్లోనే. "నవ్వకపోయినా వచ్చినాయి" అన్నారు మెల్లగా. నేను దీన్ని రుజువుగా చూపించలేదు. చెడు జరిగిన రోజు చుక్కలు సహజంగానే తక్కువ పడతాయి కాబట్టి ఈ లెక్కని ఎక్కువ సాగదీయకూడదు. ఆవిడకి కావలసినంత ఆవిడ తీసుకున్నారు, అది చాలు.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

ఏదీ పట్టదని ఎవరైనా అంటే ఇప్పుడు రెండు ప్రశ్నలు విడిగా అడుగుతున్నాను. అసలు సంతోషం కలగడం లేదా, కలిగి నిలవడం లేదా? నిలవకపోతే, కలిగిన మరుక్షణం మీరేం చేస్తారు? కొందరు ఫోన్ తీస్తారు, కొందరు పనికి లేస్తారు, కొందరు ఇది ఎన్నాళ్లులే అనుకుంటారు. ఆ మరుక్షణంలోనే కేసు ఉంటుంది. పని చేయించడం, రాయించడం మంచి పద్ధతులే. ఈ చిల్లు ఉన్నచోట మాత్రం అవి నిలవవు.

కృతజ్ఞత రాయించే ముందు అపరాధ భావం ఉందేమో చూస్తున్నాను. "నాకేం తక్కువ" అనే మాట రెండుసార్లు వినపడితే ఆ పని ఇవ్వను. నోట్సు రాసుకుంటూ తల దించుకోవడం కూడా తగ్గించాను. ఆరు సెషన్లు ఆ కొంగు నా ఎదురుగానే లేచింది.

ప్రస్తుతం

మొత్తం 13 సెషన్లు, ఆరు నెలలు. మందులు అవసరం రాలేదు. చివరి పీహెచ్‌క్యూ 6. చుక్కలు నాలుగో నెలలో ఆగిపోయాయి. ఆపమని నేను చెప్పేలోపే మర్చిపోయానన్నారు. తలనొప్పి పూర్తిగా పోలేదు.

గృహప్రవేశం జరిగిన నెల దగ్గరపడితే మాత్రం ఇప్పటికీ నిద్ర పట్టదు. ఈసారి ఆ తేదీన ఇంట్లో పాలు పొంగించి పరమాన్నం చేద్దామని భర్త అంటున్నారు. ఆవిడ ఇంకా సరేననలేదు. అది మాట్లాడుకోవడానికి ఆ నెల మొదటి వారంలోనే ఒక సెషన్ పెట్టుకున్నాం.